‘మళ్లీ అరుస్తావుగా నాన్నా’

ప్రశ్న: నా వయసు 41. కూకట్‌పల్లిలో ఉంటాం. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇంటికొచ్చాక చీటికీ మాటికీ ఆరో తరగతి చదివే మా బాబు మీద అరుస్తాను, లెక్కలు చెప్పేటప్పుడైతే మరీను. తర్వాత ఏడుపొస్తుంది. ఉగాదికీ, వాడి పుట్టినరోజుకీ ఇక అరవనని ఒట్టేసుకుంటాను. వారం తిరగదు. మొన్న సారీ చెబితే ‘పర్లేదు నాన్నా, మళ్లీ అరుస్తావుగా’ అన్నాడు. నేను మారగలనా?

జవాబు: మీ బాబు ఆ మాట కోపంగా అని ఉంటే మీకింత బాధ ఉండేది కాదేమో. సాయంత్రం వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు.

శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాటి దగ్గర కలిగిన విరక్తి ఇంటికొచ్చి స్నానం చేసేసరికి పోతుంది. మీరు ఒట్టు నిజాయతీగానే వేస్తున్నారు. కానీ వేయగానే గుండె బరువు సగం దిగిపోయి, మారిపోయినట్టే అనిపిస్తుంది. పైగా ఒట్టు వేసేది పండగపూట కడుపునిండా తిని తీరుబడిగా కూర్చున్న మనిషి. అరిచేది మధ్యాహ్నం తర్వాత ఏమీ తినకుండా, ట్రాఫిక్‌లో నలిగి రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరిన మనిషి. వీళ్లిద్దరికీ పరిచయమే లేదు!

ఆ రెండో మనిషి కోసం ఏర్పాట్లు చేయండి. ముందు ఓ వారం పాటు, అరిచిన ప్రతిసారీ టైమెంతయింది, చివరిసారి ఎప్పుడు తిన్నారు, అప్పుడే ఫోన్‌లో ఏ మెసేజ్ చూశారు అన్నవి రాసుకోండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచీ చెబుతున్నదొకటుంది. ‘కోపం తగ్గించుకుంటాను’ అని ఊరుకున్నవాళ్ల కంటే ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువ. మీ ఇంటికి తగ్గట్టు చెబుతాను. ఆఫీసులో బయల్దేరేముందు ఏదో ఒకటి తినండి, మిర్చిబజ్జీ అయినా సరే. బండి పార్క్ చేశాక ఐదు నిమిషాలు కిందే కూర్చోండి. బాబు ఒకే లెక్క రెండోసారి తప్పు చేస్తే, మీరు లేచి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి రండి. అసలు ఆ వేళప్పుడు లెక్కలెందుకండీ? ఆదివారం పొద్దున పెట్టుకోండి.

లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఓ చిన్న అలవాటు కుదురుకోవడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 కావాలి. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. అవి తిండి, వ్యాయామం లాంటి అలవాట్లు. కోపానికి ఇంకాస్త పట్టొచ్చు. కాబట్టి నోరు జారిన రాత్రి మళ్లీ ఒట్టు జోలికి పోకండి. మర్నాడు మామూలుగా ఆ ఐదు నిమిషాలు కూర్చోండి, అంతే.

చెయ్యి కూడా లేస్తోందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదా? అలాగైతే ఒక్కరే తంటాలు పడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బాబుకి సారీ చెప్పండి, ‘ఇక అరవను’ అని మాత్రం అనకండి. కొన్నాళ్లు వాడు నమ్మడు. కావాలనే విసిగించి చూసినా చూస్తాడు. ‘చూశావా, పది రోజులైంది’ అని వాడి దగ్గర మార్కులు అడక్కండి.