ఏడడుగుల కుర్రాడికి పాత కోచ్ రాసిన ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వయసు 19, ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు, ప్రొఫెషనల్ రెజ్లర్ (ఇద్దరూ ముందే మాట్లాడుకుని జనం కోసం ఆడే కుస్తీ) అవ్వాలని ఉంది, ఏ రెజ్లింగ్ స్కూల్లో చేరమంటారు అని అడిగావు. స్కూల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళు బాబూ.

ఇలా అంటున్నందుకు నొచ్చుకోకు. చాలా ఏళ్ళ క్రితం నీ అంత పొడుగు కుర్రాడొకడు నా దగ్గర చేరాడు. తరచూ తలనొప్పి అనేవాడు. కొత్తగా చేరాడు కదా, టెన్షన్ అయి ఉంటుందిలే అనుకున్నాను. కొన్నాళ్ళకు పక్కనుంచి వచ్చే మనిషి వాడికి కనపడటం మానేశాడు. అప్పుడు గానీ నేను మేలుకోలేదు. కణితి అప్పటికే కంటి నరాన్ని నొక్కేసింది. ప్రాణం దక్కింది గానీ వాడు మళ్ళీ రింగ్ ఎక్కలేదు. ఆ తలనొప్పి మాట మొదటిసారి విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

నీ ఎత్తు మీ వంశం నుంచి వచ్చిందా, గ్రంథి నుంచి వచ్చిందా అన్నది తేలాలి. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అందులో కణితి లేస్తే గ్రోత్ హార్మోన్ అదుపు తప్పుతుంది. ఎముకలు ఎదిగే వయసులో అలా జరిగితే మనిషి విపరీతంగా పొడుగవుతాడు. ఎదుగుదల ఆగాక కూడా దవడ, చేతులు, పాదాలు, లోపల గుండె పెరుగుతూనే ఉంటాయి. దాన్నే అక్రోమెగలీ అంటారు. ఈ రెండేళ్ళలో చెప్పుల సైజు మారిందా? పళ్ళ మధ్య సందులు వచ్చాయా? చెమట ఎక్కువగా పడుతోందా? ఇవన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైందా అని తెలిపే ఐజీఎఫ్-1 రక్త పరీక్ష చేయించు. దాంతో పాటు గుండెకు ఎకో, షుగర్ పరీక్ష కూడా. వాళ్ళు అవసరమంటే ఎంఆర్ఐ తీయించు.

అమెరికా రెజ్లర్ పాల్ వైట్ పేరు, అంటే రింగ్‌లో బిగ్ షో పేరు, నువ్వూ రాశావు. ఆయనకు ఈ జబ్బే ఉండేది. 1990ల తొలినాళ్ళలో, కుర్రతనంలోనే ఆపరేషన్ చేయించుకున్నాడు. 1995లో పెద్ద రింగ్‌లో అడుగుపెట్టి పాతికేళ్ళ పైన నిలబడ్డాడు. మన దలీప్ సింగ్ రాణా, గ్రేట్ ఖలీ, 2007లో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పిట్యూటరీ కణితికి ఆపరేషన్ జరిగింది 2012లో, దాదాపు నలభై ఏళ్ళ వయసులో. ఫ్రాన్స్ రెజ్లర్ ఆండ్రే ది జెయింట్ మాత్రం వైద్యం లేకుండానే బతుకంతా లాగాడు. తండ్రి అంత్యక్రియలకని వెళ్ళి 1993 జనవరిలో ప్యారిస్ హోటల్ గదిలో పోయాడు, 46 ఏళ్ళకే. బాస్కెట్‌బాల్ నుంచి రెజ్లింగ్‌కు వచ్చిన అర్జెంటీనా వాడు హోర్హే గొంజాలెజ్ కూడా షుగర్ ముదిరి, చక్రాల కుర్చీకి పరిమితమై, 2010లో 44 ఏళ్ళకు వెళ్ళిపోయాడు. భయపెట్టడానికి రాయడం లేదురా. నీకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, అందుకే రాస్తున్నాను.

ఇంకో మాట. రేపు నిన్ను పరిచయం చేసేటప్పుడు ఎత్తు, బరువు పెంచి చెబుతారు. అది షో కోసం, చెప్పనీ. డాక్టరుకు, కోచ్‌కు మాత్రం అసలు లెక్కే చెప్పు.

ఇక శిక్షణ. నేర్చుకోవాల్సింది ముందు పడటం, మేం బంప్ అంటాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదలాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకు తగలాలి, చేతులు పక్కలకు చరచాలి. తల వెనక్కి వాలిందంటే అంతే సంగతులు. పొట్టివాడి కంటే నీ తల ఎక్కువ ఎత్తు నుంచి కింద పడుతుంది, కాబట్టి నువ్వు పదింతలు సాధన చెయ్యాలి. సాధన మెత్తటి మ్యాట్ మీదే చెయ్యి. మ్యాచ్‌లో మాత్రం అరుదుగా పడు. నీలాంటి వాడు పడ్డాడంటే జనం లేచి నిలబడాలి. ప్రతి దెబ్బకూ పడుతూ ఉంటే ఆ విలువ పోతుంది, మోకాళ్ళూ పోతాయి.

ఆండ్రే కుర్రతనంలో డ్రాప్‌కిక్‌లు, అంటే గాల్లోకి ఎగిరి రెండు కాళ్ళతో తన్నే దెబ్బలు, కొట్టేంత చురుగ్గా ఉండేవాడు. కదలని కొండలా కనపడు, అవి మానెయ్ అని ప్రమోటర్ (షోలు నడిపే వ్యాపారి) విన్స్ మెక్‌మాన్ సీనియర్ చెప్పాడు. పైగా ఒకే చోట ఎక్కువ కాలం ఉంచకుండా ఊరూరా తిప్పాడు. రోజూ చూస్తే వింత మామూలైపోతుందని ఆయనకు తెలుసు. నీ తోటివాళ్ళు తాళ్ళ మీంచి దూకుతుంటే నీకూ దూకాలనిపిస్తుంది. దూకకు. నిదానంగా నడువు, చూపు నిలుపు, చేసే నాలుగు పనులూ శుభ్రంగా చెయ్యి.

ఎదుటివాడి మెడ పట్టి పైకెత్తి పడేసే చోక్‌స్లామ్ నేర్చుకునే రోజు వస్తుంది. ఆ రోజు నీ చేతిలో ఉండేది ఒక మనిషి మెడ. అతను నిన్ను నమ్మి గాల్లోకి లేస్తాడు. అతను ఎలా దిగాలో ముందే ఇద్దరూ మాట్లాడుకోండి, పట్టు వదిలేదాకా చెయ్యి అతని బరువుతో పాటే వెళ్ళాలి. అలసిపోయిన కుర్రాడి మీద ఎప్పుడూ ప్రయోగం చెయ్యకు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే మ్యాచ్ అక్కడే ఆపెయ్, ఎవరేమన్నా సరే. అలాగే నిన్ను ఎత్తడానికి వచ్చినవాడికి సాయం చెయ్యి. 1987 మార్చిలో రెజిల్‌మేనియా 3 అనే పెద్ద షోలో రెజ్లర్ హల్క్ హోగన్ ఆండ్రేను ఎత్తి పడేసింది అందరికీ గుర్తుంది. అంతకు ముందు ఏడాదే ఆండ్రే వెన్నుకు ఆపరేషన్ అయింది. అంత నొప్పిలోనూ ఆయన సహకరించాడు కాబట్టే అది జరిగింది. నా కంటికి ఆ రోజు గొప్పవాడు కింద పడ్డవాడే.

కాంట్రాక్టు వస్తే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకు. చాలాచోట్ల రెజ్లర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు. వైద్యం ఖర్చు ఎవరిది, గాయమైన నెలల్లో డబ్బు వస్తుందా అన్నవి కాగితం మీద ఉండాలి. ప్రయాణాల్లో కాళ్ళు చాపుకునే సీటు కూడా అందులోనే అడుగు, సిగ్గుపడకు. నొప్పి తట్టుకోడానికి మద్యం బాటిల్‌ను ఆశ్రయించకు, ఫిజియోను ఆశ్రయించు.

రక్త పరీక్ష రిపోర్టు రాగానే నాకు పంపు. డాక్టరు సరేనన్నాడని చూశాక స్కూల్ పేరు రాస్తాను, అక్కడి కోచ్‌తో నేనే మాట్లాడతాను.

నీ మేలు కోరే,
పాత కోచ్