విగ్గు కొనే ముందు

చిట్టితల్లీ,

వచ్చే వారం నీకు కీమో మొదలవుతుందని అమ్మ చెప్పింది. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. జుట్టు సంగతి నేను చెబుతాను. ముప్ఫై రెండో ఏట నాకు పేనుకొరుకుడు వచ్చి తలంతా పాకింది కదా. పేరులోనే గానీ ఆ జబ్బుకీ పేలకీ సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద పడుతుంది. అప్పటి నుంచీ నాది విగ్గే.

ముందు డాక్టర్ని అడుగు, నీకిచ్చే మందుకి జుట్టు ఊడుతుందా అని. కీమో మందులన్నిటికీ ఊడాలని లేదు, కొన్నిటికి పలచబడుతుందంతే. ఊడేదైతే మామూలుగా మొదటి డోసు తర్వాత 2 నుంచి 4 వారాల్లో మొదలవుతుంది. అందుకే విగ్గు ఇప్పుడే చూసుకో. ఒక పాయ కత్తిరించి దాచు. పగటి వెలుతురులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించుకో, కనుబొమలతో సహా. అవీ రాలొచ్చు, గీసుకోవడానికి ఫొటో పనికొస్తుంది. నేను అంతా పోయాక వెళ్లి, జ్ఞాపకం మీద రంగు ఎంచుకున్నాను. ఏడాది పాటు అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపించింది.

ఏ విగ్గు మంచిదని అడిగావు. ఎందుకు పెట్టుకుంటున్నామన్నది తేలితే గానీ అది తేలదు. ప్రాచీన ఈజిప్టులో తల గొరిగించుకుని, ఎండకీ పేలకీ దూరంగా ఉండటానికి పెట్టుకునేవారు. ఫ్రాన్సు రాజు 13వ లూయీ బట్టతల కప్పుకోవడానికి పెట్టుకుంటే కొలువంతా దాన్నే అనుసరించింది. ఇంగ్లండు లాయర్ల గుర్రపు వెంట్రుకల విగ్గు సొంత జుట్టులా కనిపించాలని కాదు, కోర్టు హోదా కోసం. సంప్రదాయ యూదు కుటుంబాల్లో పెళ్లయిన స్త్రీలు చాలామంది సొంత జుట్టు ఉన్నా మత నియమం కోసం పెట్టుకుంటారు. నీ అవసరం వేరు: కొన్ని నెలలు, రోజంతా, నొప్పిగా ఉండే మాడు మీద.

దానికి సింథటిక్ చాలు. తేలిగ్గా ఉంటుంది, ఉతికి ఆరేస్తే మళ్లీ అదే ఆకారానికి వస్తుంది. అసలు జుట్టుతో చేసింది అందంగానే ఉంటుంది గానీ తలంటిన ప్రతిసారీ దువ్వి తీర్చాలి. ఆ ఓపిక నీకు అప్పుడు ఉండకపోవచ్చు. సింథటిక్‌కి వేడి మాత్రం పడదు. ఒకసారి ఉడుకుతున్న గిన్నె మీద మూత తీశాను, ఆవిరికి నుదుటి మీది పోగులన్నీ ముడుచుకుపోయాయి. మళ్లీ బాగుపడలేదు.

షాపులో పైన చూసి మురిసిపోకు, తిరగేసి లోపల తడుము. మిషన్ మీద కుట్టిన పట్టీలు జుట్టున్న తలకి తెలియవు, బోడి తలకి ముళ్లలా గుచ్చుకుంటాయి. సన్నని జాలీ మీద ఒక్కో పోగూ చేత్తో ముడివేసింది అడుగు. మెత్తగా ఉంటుంది, పాపిడి దగ్గర చర్మంలానే కనిపిస్తుంది. జుట్టు పోయాక తల చుట్టుకొలత తగ్గుతుంది, కాబట్టి మెడ దగ్గర బిగించుకునే పట్టీలుండాలి. కింద పల్చటి నూలు టోపీ వేసుకో. జిగురు జోలికి పోకు, ఆ రోజుల్లో చర్మం తట్టుకోలేదు. ఉతికేది చన్నీళ్లతో. పిండొద్దు, తడిగా ఉండగా దువ్వొద్దు. పడుకునేముందు తీసెయ్యి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. నా కూతురికి అప్పుడు నాలుగేళ్లు. దానికి తెలియకూడదని రోజూ ముందే లేచి విగ్గు పెట్టుకునేదాన్ని. ఓ రాత్రి దానికి జ్వరమొస్తే మరిచిపోయి అలాగే పరుగెత్తాను. నన్ను చూసి కెవ్వుమని గోడకి అతుక్కుపోయింది. ముందే చెప్పి ఉంటే భయపడేది కాదు. మీ బాబుకి నువ్వు ఇప్పుడే చెప్పు. విగ్గు వాడి చేతికిచ్చి ఆడుకోనివ్వు. ఇంట్లో ఉక్కగా, దురదగా ఉంటే తీసి పక్కన పెట్టు. బయటివాళ్లకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

చికిత్స అయ్యాక మామూలుగా కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది. మొదట్లో ఉంగరాలు తిరిగో, రంగు మారో రావచ్చు, కంగారు పడకు.

షాపుకి వెళ్లే రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. నాది తీసి నీ చేతికిస్తాను, తడిమి చూద్దువు గాని.

నీ పెద్దమ్మ