అమ్మలూ, ముందు బాత్రూం గోడ చూడు

చి॥ అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిజాంపేట ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయని మీ అమ్మ చెప్పింది. నీ జీతంతో, నీ పేరు మీద ఇల్లు! ఎంత సంతోషంగా ఉందో రాయడం నా వల్ల కాదు. కానీ నువ్వు పంపిన డిజైన్ బొమ్మలు చూసినప్పట్నుంచీ గుబులుగానే ఉంది. హాల్లో మూడంచెల ఫాల్స్ సీలింగు, రంగులు మారే లైట్లు, టీవీ వెనక పాలరాయిలా కనిపించే షీటు. పడకగది గురించి మాత్రం ఒక్క ముక్క: వార్డ్‌రోబు, బాత్రూం గోడకి.

ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం.

బాత్రూం గోడకి ఆనించి బీరువా బిగించేయడం మన అపార్ట్‌మెంట్లలో ఎప్పట్నుంచో జరుగుతున్న తప్పు. కిటికీ లేని పొడుగాటి గోడ సాధారణంగా అదొక్కటే ఉంటుంది, అందుకని ఎవరూ రెండోసారి ఆలోచించరు. టైల్స్ సందుల్లో నింపిన సిమెంటు కొన్నేళ్లకు రాలిపోతుంది. షవర్ నీళ్లు ఆ సందుల్లోంచి వెనక్కి దిగుతాయి, ఇటుక పీల్చుకుంటుంది, చెమ్మ ఇవతలి వైపుకి వచ్చేస్తుంది. ఖాళీ గోడైతే పెయింటు బుడగలొచ్చి, తెల్లగా ఉప్పు పొంగి ముందే తెలిసిపోతుంది. బీరువా అడ్డముంటే ఏమీ కనబడదు. ఒకరోజు తలుపు తీయగానే ముక్కిన వాసన వస్తుంది. అప్పటికే వెనక చెక్క ఉబ్బిపోయి, అరల్లో బూజు పట్టి ఉంటుంది. పట్టుచీరలకి మడతల దగ్గర పసుపు మచ్చలు పడతాయి, జరీ నల్లబడుతుంది. మళ్లీ మునుపటిలా చేయడం ఎవరి తరమూ కాదు. అమ్మమ్మ ఉప్పాడ చీరలు రెండూ నీ దగ్గరే ఉన్నాయి కదా, నా భయమంతా వాటి గురించే.

కాబట్టి కార్పెంటరుకి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ పని చెయ్యి. రెండడుగుల చదరం మందపాటి పాలిథిన్ షీట్లు రెండు తీసుకో. ఒకటి పడకగది వైపు గోడకి, నేలకి జానెడు ఎత్తులో, రెండోది షవర్ పైపు ఉన్న చోటికి సరిగ్గా ఇవతల పెట్టి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించు. రెండు రోజులు అలాగే ఉంచు. ఆ రెండు రోజులూ అవతల షవర్ బాగా వాడాలి, లేకపోతే పరీక్షకి అర్థం లేదు. షీటు లోపలి వైపు చెమట పడితే గోడలో నీళ్లున్నట్టు. బయటి వైపు పడితే అది గదిలో తేమ, కిటికీ తెరిస్తే పోతుంది. బాత్రూం జాలీ మూసి, నేల మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి కింది ఫ్లాటువాళ్లని వాళ్ల సీలింగుకి చెమ్మ దిగిందేమో కూడా చూడమను.

చెమ్మ కనబడితే టైల్స్ సందులు తవ్వించి, నీళ్లు పీల్చని ఎపాక్సీ జిగురుతో నింపించు, పైపు జాయింట్లు చూపించు. పడకగది వైపు నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసేస్తామంటారు. ఒప్పుకోకు. నీళ్లొచ్చే దారి మూయకుండా ఇవతల పూసిన పూత పొరలుగా లేచిపోతుంది.

గోడ పొడిగా ఉన్నా సరే, బీరువా వెనక అంగుళం ఖాళీ వదిలించు. నాలుగంగుళాల కాళ్ల మీద నిలబెట్టి, కింద ముందు పట్టీకి గాలి జాలీ పెట్టించు. పైన కూడా సందు ఉంటేనే గాలి కిందనుంచి పైకి ఆడుతుంది. బీరువా పెట్టెకి 18 ఎంఎం ప్లైవుడ్, అదీ నీళ్లని తట్టుకునే మెరైన్ ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నదే. ఎంఆర్ రకం కాస్త తేమని తట్టుకుంటుందే కానీ నీళ్లని తట్టుకోదు. "వాటర్‌ప్రూఫ్ ప్లై అమ్మా" అని నోటిమాటగా అంటే సరిపోదు, షీటు కోయకముందే ముద్ర నువ్వే చూడు. పార్టికల్ బోర్డుని ఆ గోడ ఛాయలకి రానీయకు.

వంటగదిలో సింకు కింద కూడా ఇదే ప్లై. గట్టు నీ మోచేతికి నాలుగంగుళాలు కిందుగా ఉంటే చాలు.

ఫాల్స్ సీలింగు ఒక్క అంచెతో ఆపు తల్లీ. పైన మూసేముందు ఏసీ నీళ్ల పైపులో చెంబెడు నీళ్లు పోయించి, చివర బయటికి వస్తున్నాయో లేదో నిలబడి చూడు. ఫ్యాను కొక్కెం స్లాబుకే ఉండాలి, జిప్సం బోర్డు బరువు మోయదు. రంగులు మారే లైట్లు నెలకే విసుగొస్తాయి. హాల్లోకి 3000 కెల్విన్ బల్బులు (లేత పసుపు వెలుగు), కూరలు తరిగే చోట 4000 (తెల్లని వెలుగు) పెట్టించుకో.

అలా మిగిలిన డబ్బుని రోజూ చేతికీ కాలికీ తగిలే వాటి మీద పెట్టు. నా లెక్కలో విలాసమంటే అదే. మంచం పక్కన వరంగల్ దర్రీ వేసుకో, పొద్దున్నే దిగగానే పాదానికి నూలు తగులుతుంది, దుమ్ము పడితే దులిపేయొచ్చు. కర్టెన్లకి పెడన కలంకారీ తీసుకో. కిటికీ వెడల్పుకి రెండింతల గుడ్డ కావాలి, లేకపోతే కుచ్చులు నిండుగా పడవు. కుట్టించకముందే చల్లనీళ్లలో తడిపి నీడలో ఆరేయించు, ఎంత కుంచించుకోవాలో అప్పుడే కుంచించుకుంటుంది. వెనక తెల్ల నూలు లైనింగు తప్పనిసరి, ఎండ నేరుగా తగిలితే ఆ రంగులు వెలిసిపోతాయి. ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకుంటే పొడిగుడ్డతోనే తుడువు. శానిటైజరు తగిలితే లక్క కరిగి జిగురవుతుంది.

గృహప్రవేశం శ్రావణంలో అన్నావు. వానలు మొదలయ్యాక, ఆషాఢంలోనే గోడ పరీక్ష చేసెయ్యి, చెమ్మ దాగకుండా బయటపడుతుంది. ముహూర్తానికి బీరువా పూర్తి కాకపోయినా కంగారు పడకు. చీరలు నూలుగుడ్డలో చుట్టి తెచ్చి నా దగ్గర పెట్టు, గోడ ఆరేదాకా మా ఇంట్లో ఉంటాయి.

ప్రేమతో,
పెద్దమ్మ