కూర్పా? అమరికా?

సందేహం: గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. టంగ్‌స్టన్, ఆక్సిజన్ పరమాణువుల గుత్తులూ, సైక్లోడెక్స్ట్రిన్లనే చక్కెర వలయాలూ నీళ్లలో కలిస్తే వాటంతట అవే ఒక ఆకృతిలోకి వస్తాయి. దీన్ని సెల్ఫ్ అసెంబ్లీ అంటారు. తెలుగు వ్యాసంలో 'స్వయం సంయోగం' అని రాశాను. ఒకరు 'స్వీయ కూర్పు' అని దిద్దారు. ఏది సరైనది? వచ్చే వారమే వ్యాసం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: రెండూ వద్దమ్మా. 'స్వయం అమరిక' అని రాయండి.

రసాయన శాస్త్రంలో 'సంయోగం' అనే మాటకు ఇప్పటికే ఒక అర్థం స్థిరపడింది. హైడ్రోజన్, ఆక్సిజన్ సంయోగం చెందితే నీరవుతుంది. ఆ రెండూ పోయి కొత్త పదార్థం పుడుతుంది. మీ విషయంలో అలా జరగదు. 12 టంగ్‌స్టన్, 40 ఆక్సిజన్ పరమాణువులున్న, కెగ్గిన్ అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే గుత్తికి, 8 గ్లూకోజులతో అయిన గామా సైక్లోడెక్స్ట్రిన్ వలయాలు అటొకటి ఇటొకటి ఒదుగుతాయి. కడవకు కిందా పైనా చుట్టకుదురు పెట్టినట్టు. వాటి మధ్య ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధమేదీ కొత్తగా ఏర్పడదు. గుత్తి గుత్తిగానే ఉంటుంది, వలయం వలయంగానే ఉంటుంది.

'కూర్పు'తో వచ్చే చిక్కు వ్యాకరణానిది. అమరు–అమర్చు, చేరు–చేర్చు, కుదురు–కుదుర్చు: ఈ జంటల్లో మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. "సంబంధం కుదిరింది" అంటే ఎవరు కుదిర్చారో చెప్పనక్కర్లేదు. "మేనమామ కుదిర్చాడు" అంటే చేసినవాడు కనిపిస్తాడు. కూర్పు 'కూర్చు' నుంచి వచ్చింది కనుక కూర్చేవాళ్లను అడుగుతుంది. దండ దానంతట అదే కాదు కదా. అమరిక 'అమరు' నుంచి వచ్చింది. దానికి కర్త అక్కర్లేదు. పరీక్షనాళికలోనూ కూర్చే చెయ్యి లేదు. గుత్తి పెద్దది, దాని మీది విద్యుదావేశం పలచగా పరుచుకుని ఉంటుంది. అందుకని చుట్టూ ఉన్న నీటిని గట్టిగా పట్టి ఉంచలేదు. వలయం దగ్గరికి రాగానే ఆ నీరు తప్పుకుంటుంది, రెండూ కుదురుకుంటాయి.

'స్వయం' గురించి కూడా ఒక మాట. స్వయంపాకం అంటే అన్నం దానంతట అదే ఉడికిందని కాదు, మన వంట మనమే చేసుకున్నామని. ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మను స్వయంభువు అంటాం, ఎవరూ ప్రతిష్ఠించలేదని. మీ అమరిక ఈ రెండో కోవలోది. సంస్కృతం పక్కన తెలుగు మాట ఏమిటని ఎవరైనా ఆక్షేపించవచ్చు. శాస్త్రపదానికి అర్థం తేటగా ఉండటం ముఖ్యమని నా అభిప్రాయం. రెండు మాటలూ విడిగానే రాయండి. 'స్వయమమరిక' అంటే చదివేవారికి నాలుక తిరగదు. వాక్యం మధ్యలో అయితే "వాటంతట అవే అమరుతాయి" అనడమే హాయి.

'గుత్తి' అన్న మీ మాట చాలా బాగుంది. ఎవరు చెప్పినా 'సమూహం' అని మార్చకండి. సమూహంలో ఎవరికి వారే. ఫాస్ఫోటంగ్‌స్టేట్ అనే కెగ్గిన్ గుత్తిలో మాత్రం నడుమ ఒక ఫాస్ఫరస్, దాని చుట్టూ ఆక్సిజన్లతో ముడిపడి తక్కినవన్నీ ఉంటాయి.