కోవిడ్ తగ్గింది, నీరసం తగ్గలేదు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. 2021 మేలో మావారికీ నాకూ కోవిడ్ వచ్చింది. ఆయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి వచ్చారు, ఇప్పుడు శుభ్రంగా ఉన్నారు. నాకు ఇంట్లోనే డోలో బిళ్లలతో తగ్గిపోయింది. అప్పట్నుంచీ కాస్త పెద్ద పని పెట్టుకుంటే మర్నాడు మంచం దిగలేకపోతున్నా. పాఠం మధ్యలో మాట తట్టదు. మా అత్తగారు ఒళ్లు వంగక అంటున్నారు. అంత తేలిగ్గా పోయిన జబ్బు ఇన్నేళ్లు పీడిస్తుందా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పీడిస్తుందమ్మా. అత్తగారికి ఈ పేజీ చూపించండి.

మీ ఉత్తరంలో నేను ఆగింది ‘మర్నాడు’ అన్న చోట. మామూలు అలసట నిద్రపోతే తీరుతుంది. కోవిడ్ పోయినా నెలల తరబడి వదలని బాధల్ని లాంగ్ కోవిడ్ అంటారు. అందులో చాలామందికి ఇవాళ బట్టలుతికినా, పేపర్లు దిద్దినా దాని దెబ్బ రేపు తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కోవిడ్ వచ్చిన 100 మందిలో సుమారు ఆరుగురికి ఇది వస్తుంది. ఆసుపత్రిలో చేరినవాళ్లకి ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ ఇంట్లోనే తగ్గినవాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు. అందుకే లాంగ్ కోవిడ్ రోగుల్లో ఎక్కువమంది మీలాంటివాళ్లే. పైగా ఆడవాళ్లు, నడివయసువాళ్లు. అమెరికాలో 2022 సర్వేలో ఆడవాళ్లలో 8.5 శాతం, మగవాళ్లలో 5.2 శాతం తమకు ఎప్పుడో ఒకప్పుడు లాంగ్ కోవిడ్ వచ్చిందన్నారు. ఉబ్బసం, షుగర్, ఊబకాయం, పొగతాగే అలవాటు, మళ్లీ మళ్లీ కోవిడ్ రావడం కూడా ముప్పు పెంచేవే. టీకా కొంత కాపాడుతుంది. మీ వయసువాళ్లకి 2021 మే 1న తలుపులు తెరిచారు గానీ, అప్పుడు డోసులు ఎక్కడ దొరికాయి!

అయితే నేను ఇక్కడ కూర్చుని ముద్ర వెయ్యను. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. వేరే కారణం లేదని చూసుకున్నాకే ఈ పేరు పెట్టాలి. మన ఆడవాళ్లలో రక్తహీనత, థైరాయిడ్ ఎంత మామూలో తెలిసిందే. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12 చేయించుకుని మీ ఊళ్లో ఫిజీషియన్‌ని కలవండి. వేలకి వేలు పోసి ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ వద్దు.

నిలబడితే గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టి రాసుకోండి. పక్కన ఎవరినైనా పెట్టుకుని, లేచి పది నిమిషాలు నిలబడి, మధ్యమధ్యలో మళ్లీ లెక్కపెట్టండి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి. పడుకున్నప్పటికన్నా నాడి నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే ఉంటే ఆ కాగితం డాక్టరుకి చూపించండి.

‘పొద్దున్నే గంట నడు, అదే పోతుంది’ అనేవాళ్ల మాట మాత్రం వినకండి. మర్నాడు కూలబడేవాళ్లకి అది జబ్బు పెంచే సలహా. ఒంట్లో కాస్త ఓపిక ఉండగానే పని ఆపెయ్యండి. స్కూల్లో కుర్చీ అడగండి, కూర్చునే పాఠం చెప్పండి. ఆదివారం ఇల్లంతా కడిగే కార్యక్రమం శుభ్రంగా ఉన్న మీవారికి అప్పగించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.