స్టార్ట్ కాని కారుని ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. చెన్నై పురసవాక్కంలో ఒక పెద్దాయన ఇంటి షెడ్డులో ఎనిమిదేళ్లుగా నిలబడిపోయిన 1988 మోడల్ ప్రీమియర్ పద్మిని బేరం కుదుర్చుకుని అడ్వాన్స్ ఇచ్చాను. ఇంజన్ స్టార్ట్ కాదు. ఇల్లు కూలగొట్టి కట్టుకుంటున్నారు కాబట్టి నెలాఖరులోగా తీసుకెళ్లమంటున్నారు. మా బావమరిదికి బొలేరో ఉంది. "తాడు కట్టి లాక్కొచ్చేద్దాం బావా, తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం" అంటున్నాడు. ఫ్లాట్‌బెడ్ (కారుని మొత్తంగా పైకెక్కించుకుని తెచ్చే లారీ) వాళ్లేమో రానూపోనూ లెక్కగట్టి కారు ధరలో సగం అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తాడు మాట మాత్రం మర్చిపోండి. సాయం చేద్దామనే మీ బావమరిది అంటున్నారు, కాదనను. కానీ వేలూరు, కృష్ణగిరి, హోసూరు మీదుగా దాదాపు 340 కిలోమీటర్లు ఉందండీ. బండిని బండితో లాగడానికి మన రూల్స్ ఒప్పుకునేది ముఖ్యంగా దారిలో చెడిపోయినదాన్ని దగ్గర్లో ఉన్న గ్యారేజీకి చేర్చడం కోసం. అప్పుడు కూడా రెండు బళ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు, వెనక "ఆన్ టో" అని బోర్డు ఉండాలి, వేగం గంటకి పాతిక కిలోమీటర్లు మించకూడదు. ఆ లెక్కన ఎక్కడా ఆగకపోయినా పద్నాలుగు గంటలు, అదీ లారీలూ బస్సులూ దూసుకుపోయే హైవే మీద. ఎనిమిదేళ్లు కదలని కారులో వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి, బ్రేక్ ఆయిల్ కారిపోయి, పెడల్ నొక్కితే కాలు నేలకి తగిలే అవకాశమే ఎక్కువ. ముందు బొలేరో సడన్‌గా ఆగితే వెనక కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషి ఏం చేయగలడు? ఆ సీట్లో కూర్చునేది మీరో, మీ బావమరిదో కదా.

చక్రాలు రోడ్డు మీద తిరుగుతున్నంతసేపూ అది వాహనమే, దానికి ఆర్సీ, ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కితే అది సరుకు. ఈ ఒక్క తేడా చాలు.

"ఫ్లాట్‌బెడ్ ఎందుకు, క్రేన్ బండితో ముందు చక్రాలు ఎత్తి తెచ్చేస్తాం, తక్కువలో అయిపోతుంది" అనేవాళ్లు కూడా తగులుతారు. పద్మినికి అది పనికిరాదు. అది వెనక చక్రాలతో నడిచే బండి, అంబాసిడర్, కాంటెస్సా లాగే. ముందు ఎత్తి లాగితే వెనక చక్రాలు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని (గేర్‌బాక్స్‌ని వెనక చక్రాలకి కలిపే పొడవాటి కడ్డీ), అది గేర్‌బాక్స్ లోపలి మెయిన్ షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటాయి. న్యూట్రల్‌లో ఉన్నా సరే. ఇంజన్ తిరగదు కాబట్టి లోపల ఆయిల్‌ని చిమ్మే కింది షాఫ్ట్ మాత్రం తిరగదు. ఆయిల్ అందకుండా అంత దూరం తిరిగితే బేరింగులు, బుష్‌లు అరిగిపోతాయి. నాలుగు వీధుల అవతల ఉన్న గ్యారేజీకైతే ఫరవాలేదు, ఊరు దాటించాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేయాలి. మారుతి 800, జెన్ లాంటివి ముందు చక్రాలతో నడిచేవి కాబట్టి వాటికి ముందు ఎత్తితే ఈ ఇబ్బంది లేదు, హ్యాండ్‌బ్రేక్ దించి ఉంటే చాలు.

ఇక బండి కన్నా ముందు చూడాల్సింది ఆర్సీ. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఎనిమిదేళ్లుగా షెడ్డులో ఉందంటే ఆ గడువు దాటిపోయినట్టే. మీరు కర్ణాటకకి మార్చుకోవాలంటే చెన్నై ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, గడువు ముగిసిన ఆర్సీ మీద అది రావడం కష్టం. రెన్యువల్‌కేమో బండిని నడిచే స్థితిలో ఆఫీసుకి చూపించాలి. అందుకే మిగతా డబ్బు ఇచ్చేముందు ఆ పెద్దాయనని వెంటబెట్టుకుని వాళ్ల ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడగండి. బండి చూపించాల్సిందే అంటే బెంగళూరుకి లారీ మాట్లాడకండి. పురసవాక్కం నుంచి చెన్నైలోనే పద్మిని లాంటి పాత ఫియట్ బళ్లు చేసే ఒక మెకానిక్ దగ్గరికి ఫ్లాట్‌బెడ్ మీద చేర్చి, అక్కడే ఇంజన్, బ్రేకులు బాగుచేయించి, ఇన్సూరెన్స్ తీసుకుని, ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్), ఎన్‌ఓసీ అయ్యాక నడుపుకుంటూ రావచ్చు. నాకైతే ఇదే మంచి దారి అనిపిస్తోంది, రవాణా ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

ఏ దారి అయినా బండి మీ పేరుకి మార్చుకునే ఫారం 29, 30 మీద, ఎన్‌ఓసీకి ఫారం 28 మీద ఆయన సంతకాలు ఇప్పుడే తీసుకోండి. ఫారం 28లో చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర అడుగుతారు. నంబరు పైన తుప్పుని గుడ్డతో, కిరోసిన్‌తో మెల్లగా తుడిచి, పల్చని కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అంకెలు తేలతాయి. ఆ అంకెలు ఆర్సీలో ఉన్నవాటితో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా అడ్వాన్స్ వెనక్కి అడిగేయండి, మొహమాటపడొద్దు.

లారీ వచ్చే ముందు రోజు మెకానిక్‌ని తీసుకెళ్లి బండి దొర్లుతుందో లేదో చూడండి, అసలు పని అంతా ఇక్కడే ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసిన కారుకి వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకి తుప్పుతో పట్టేస్తాయి. జాకీ మీద లేపి, అడ్జస్టర్ వదులు చేసి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో కొడుతూ పోతే చాలాసార్లు టక్కుమని వదులుతుంది. వదలకపోతే విన్చ్‌తో (లారీకి ఉండే, రోప్‌తో బండిని పైకి లాగే యంత్రం) ఈడ్చక తప్పదు, అప్పుడు టైరు నేల మీద రాసుకుంటూ వస్తుంది, సస్పెన్షన్ మీద భారం పడుతుంది. టైర్లకి గాలి కొట్టించి ఒక పూట ఆగి చూడండి, నిలవకపోతే ఎక్కడైనా నాలుగు పాత చక్రాలు అద్దెకో అరువుకో తెచ్చి బిగించండి. స్టీరింగ్ తిరగాలి, గేరు న్యూట్రల్‌కి రావాలి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే తీయించేయండి, బ్యాటరీ కూడా. వీల్ కప్పులు, వైపర్లు, ఊడేలా ఉన్న బ్యాడ్జీలు విప్పి మీ సంచిలో పెట్టుకోండి. అవి దారిలో పోతే మళ్లీ దొరకడం చాలా కష్టం.

బెంగళూరుకే తేవాలంటే రిటర్న్ లోడ్ అడగండి. చెన్నైలో ఏదో కారు దించేసి ఖాళీగా తిరిగొచ్చే ఫ్లాట్‌బెడ్ అయితే రెండు వైపులా లెక్క కట్టరు. కంటైనర్లలో నాలుగైదు కార్లు కలిపి తెచ్చే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లలో చాలామంది స్టార్ట్ కాని బండి ఎక్కించుకోరు, బుక్ చేసేటప్పుడే చెప్పండి. టాటా ఏస్ ఊసే వద్దు, పద్మిని పదమూడు అడుగుల పొడవు, దాదాపు 900 కిలోల బరువు. మధ్యాహ్నం వెలుగులో ఎక్కించి నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. బెల్టులు బంపరుకి కాదు, టైర్ల మీదుగా వేసి బిగించమనండి, బయల్దేరిన అరగంటకి ఒకసారి ఆపి మళ్లీ బిగించాలి, కదిలే బండి మీద అవి వదులవుతాయి. బానెట్‌ని, తలుపుల్ని తాడుతో కట్టండి. హోసూరు దాటాక ఎక్కడైనా ఆపితే చూపించడానికి ఆర్సీ, అమ్మకం కాగితం, ఆయన ఆధార్ కాపీ డ్రైవర్ దగ్గర ఒక సెట్టు, మీ దగ్గర ఒక సెట్టు ఉండాలి.

ప్రశ్న: మేము చెన్నై అంబత్తూరులో ఉంటాం. వేలంలో వరదనీటిలో మునిగిన ఆటోమేటిక్ కారు కొన్నాను. ఒకసారి స్టార్ట్ చేసి చూసి తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తాళం తిప్పకండమ్మా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరద తగ్గాక ఇక్కడ ఎంతోమంది ఆత్రంగా చేసిన పని అదే. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బాగుపడే ఇంజన్ కాస్తా పనికిరాకుండా పోతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి నాలుగు చక్రాలూ పైన ఉండేలా ఫ్లాట్‌బెడ్డే కావాలి. బ్యాటరీ లేకపోతే గేరు పి (పార్క్) నుంచి కదలదు. చాలా మోడళ్లలో గేరు లివర్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాన్ని లేపి లోపలికి స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టుకుంటే ఎన్ (న్యూట్రల్)కి వస్తుంది. వేలం యార్డులో గేట్ పాస్, డెలివరీ ఆర్డర్ లేకుండా బండి వదలరు, అవి చేతికొచ్చాకే లారీని పిలవండి, లేకపోతే వెయిటింగ్ ఛార్జీలు మీ మీద పడతాయి.

ప్రశ్న: మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉన్న పాత శాంట్రో కొన్నాను. ఫ్లాట్‌బెడ్ లోపలికి రావడం లేదు. తాళం కూడా పోయిందట.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తాళం సంగతి ముందు తేల్చుకోండి, స్టీరింగ్ లాక్ పడితే ర్యాంపు మలుపులో కారు తిరగదు. ఓనరుని, ఆర్సీని దగ్గర పెట్టుకుని తాళాలు చేసేవాళ్లని పిలిపించండి. టోయింగ్ వాళ్లని అడిగేటప్పుడు చక్రాల కింద పెట్టే డాలీలు, పొడవైన విన్చ్ రోప్ ఉన్నాయా అని అడగండి, ర్యాంపు ఎత్తు, మలుపు ఫొటో తీసి పంపండి. రోప్ లాగుతున్నప్పుడు కారు వెనక వైపు ఎవరినీ నిలబడనివ్వకండి, పక్క నుంచి ఒకరు చెక్క దిమ్మెలు అడుగడుగునా చక్రం వెనక జరుపుతూ రావాలి. పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళ కాకుండా చూసుకుని, అసోసియేషన్ వాళ్లకి ముందు రోజే చెప్పండి.