మూరెడు దారం చాలు

చెల్లెమ్మకు,

శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో ఏడో తరగతి గుంటలకి కుట్టుపని నేర్పడానికి ఒప్పుకున్నావని విన్నాను. 40 మంది, శనివారం చివరి రెండు పీరియడ్లు, ఆరు వారాలు. అందరి చేతా కలిపి ఒక బొంత కుట్టిస్తానన్నావట, మంచి ఎంపిక. బొంతంటే ఏమిటో మన పిల్లలకి చెప్పక్కర్లేదు. కాకపోతే నీ చెయ్యి ఎంత తిరిగినదైనా, 40 మంది చేత ఒకేసారి సూది పట్టించడం వేరే విద్య. అక్కడ నీ టైమంతా కుట్టు మీద పోదు, చిక్కుపడ్డ దారాల మీద పోతుంది. అందుకే సగం పని బడికి వెళ్లకముందే ఇంట్లో ముగించుకో.

ముందు గుడ్డ. పాత నూలు లుంగీలు తీసుకో, చిన్న గళ్లవి. గడి శనగ గింజంత ఉంటే సరిపోతుంది. గళ్ల గుడ్డయితే గీతలు గీయక్కర్లేదు, ఒక గడిలో సూది పైన, పక్క గడిలో కింద అంటే చాలు, మొదటి రోజే టాకా కుట్టు వంకరపోకుండా వస్తుంది. రెండు మీటర్ల లుంగీలో 10 అంగుళాల చదరాలు అడ్డంగా నాలుగు, నిలువుగా ఏడు, మొత్తం 28 వస్తాయి. రెండు లుంగీలకి 56. పిల్లలకి 40 పోగా మిగిలినవి పాడైపోయే ముక్కల కోసం. పాడవుతాయి కూడా.

లుంగీ నూలుదో కాదో అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి కాల్చి చూడు. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పాలిస్టరు పిల్లల చేతికి ఇవ్వొద్దు. జారిపోతుంది, మడత నిలవదు, అంచు పోగులు ఊడిపోతాయి. కొత్త గుడ్డే కొన్నావనుకో, రాత్రంతా నీళ్లలో నానబెట్టి గంజి వదిలించు, లేకపోతే సూది దిగడానికి మొరాయిస్తుంది, తరవాత ఉతికితే కుంచించుకుపోతుంది కూడా. ఎర్ర గుడ్డని తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది చూడటం మరచిపోకు.

కొలత దగ్గర చాలామంది పొరపాటు పడతారు. 8 అంగుళాల ముక్క కావాలి కదా అని 9 కత్తిరించి ఇచ్చేస్తారు. పిల్లలు దారం బిగించి లాగుతారు, గుడ్డ లోపలికి గుంజుకుంటుంది, చివరికి ఒక్క ముక్కా ఇంకోదానితో కలవదు. అందుకే 10 ఇచ్చి, మధ్యలో 7 అంగుళాల చదరం లోపలే కుట్టమను. అందరివీ అయ్యాక ఇస్త్రీ చేసి, ఒకే అట్ట పెట్టి అన్నీ 9కి కత్తిరించు. అర అంగుళం చొప్పున కలిపి కుట్టేస్తే ఒక్కోటి 8 అవుతుంది. వరసకి 5, అలాంటివి 8 వరసలు: 40 అంగుళాల వెడల్పు, 64 అంగుళాల పొడవు. ఈ జోడించే పని మిషను మీద నువ్వే చెయ్యి. పిల్లల చేత చేయించాలన్న ముచ్చట వద్దు, అతుకులు కలవక మళ్లీ విప్పడానికే ఒక శనివారం పోతుంది.

సూదులు 5 నుంచి 7 నంబర్ల ఎంబ్రాయిడరీ సూదులు కొను. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 9, 10 నంబర్ల బెజ్జంలో దారం ఎక్కించేసరికే బెల్లు కొట్టేస్తారు. ఎంబ్రాయిడరీ దారం లచ్ఛి, అంటే చిన్న చుట్ట, 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు. మూడు పోగులతో కుట్టిస్తే ఒక లచ్ఛి ముగ్గురికి వస్తుంది. లెక్కకి 14 చాలు, 20 తీసుకో. పోగులు విడదీసేటప్పుడు ఒక్కొక్కటే పైకి లాగి, తరవాత మూడూ కలుపు. మూడింటినీ ఒకేసారి లాగావా, అక్కడే ఉండ కట్టేస్తుంది.

ఇక అసలు మాట. దారం మూరెడు కత్తిరించు, మోచేతి నుంచి వేళ్ల కొస దాకా. మళ్లీ ఎక్కించుకోవడం బద్ధకమై గుంటలు బారెడు దారం తీసుకుంటారు. బారెడు దారం ప్రతి కుట్టుకీ గుడ్డలోంచి ఈడ్చుకుంటూ వచ్చి నూగు లేస్తుంది, మెలి తిరుగుతుంది, ముడి పడుతుంది. తరగతిలో సగం చెయ్యెత్తి "మేడమ్, చిక్కు పడింది" అంటుంటే కారణం ఇదొక్కటే. మూరెడు ముక్కలు ఇంట్లోనే కత్తిరించి, అట్టముక్కకి గాట్లు పెట్టి బిగించి తీసుకెళ్లు. ఎక్కించేటప్పుడు దారం కొస ఏటవాలుగా కత్తిరించి, రెండు వేళ్ల మధ్య నలిపి పట్టుకుని, సూదినే దాని మీదకి తీసుకురావాలి. దారాన్ని సూది దగ్గరికి పంపిస్తే ఊగిపోతుంది. పోగులు విచ్చుకుంటుంటే కొవ్వొత్తి మీద ఒకసారి లాగమను. పళ్లతో దారం కొరకనివ్వొద్దు, ఎనిమిది మందికో చిన్న కత్తెర పెట్టు. గుడ్డ కత్తెర మాత్రం నీ చేతిలోనే ఉండాలి. దాంతో ఎవరైనా ఒక్కసారి కాగితం కత్తిరించారంటే ఆ పూటకి దాని పదును పోయినట్టే.

మొదటి శనివారం దారం ఎక్కించడం, ముడి వెయ్యడం, పది గళ్లు కుట్టి విప్పడం. అంతే. పువ్వులూ నెమళ్లూ అడుగుతారు, ఒప్పుకోకు. విప్పడం నేర్చుకున్న పిల్లలు తరవాత తప్పుకి భయపడరు. ముడి వదులుగా ఉన్న నేతలోంచి జారి వచ్చేస్తే, ముడికి బదులు అదే చోట రెండు చిన్న వెనక కుట్లు వెయ్యమను.

గుడ్డ ముడుచుకుపోవడం రెండో శనివారం కనిపించే జబ్బు. ప్రతి కుట్టునీ గట్టిగా లాగితే వస్తుంది. మూడు నాలుగు గళ్లు ఒకేసారి సూదికి ఎక్కించి లాగాలి, లాగాక బొటనవేలితో కుట్టు వెంబడి ఒకసారి నిమరాలి. నిమిరిన చోట గుడ్డ మళ్లీ పరుచుకుంటుంది. ఒడిలో పెట్టుకుని కుట్టే గుంటలు ముక్కని తమ పావడాకో నిక్కరుకో కలిపి కుట్టేసుకుంటారు, లేచి నిలబడ్డాక గానీ తెలీదు. అందరి సంచుల్లోనూ పరీక్ష అట్ట ఉంటుంది కదా, దాన్ని ఒడిలో అడ్డం పెట్టుకోమను. ఎడమచేతివాటం పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వాళ్ల పక్కన కూర్చోకు, ఎదురుగా కూర్చుని చూపించు, అద్దంలో చూసినట్టు చూసి పట్టేస్తారు.

సూదుల లెక్క మాత్రం నవ్వులాట కాదు. మన బళ్లల్లో చెప్పులు బయట వదిలి లోపలికొస్తారు, నేల మీద కూర్చుంటారు. పడిపోయిన సూది ఎవరి కాల్లోనో దిగుతుంది. గుంపుకి ఎనిమిది మంది, గుంపుకో గుడ్డముక్క, దానికి ఎనిమిది సూదులు గుచ్చి ఇవ్వు. ఎనిమిదీ తిరిగొచ్చేదాకా ఆ గుంపు లేవకూడదు. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి దారానికి కట్టి తీసుకెళ్లు, పడిన సూది అదే పట్టిస్తుంది. మన తీరం గాలికీ చేతి చెమటకీ సూదులు తుప్పు పడతాయి. వారం తరవాత గుచ్చినప్పుడు గుడ్డ మీద గోధుమరంగు చుక్క కనిపిస్తే ఆ సూది పారెయ్యి. దాచేటప్పుడు పొడి డబ్బాలో కాస్త టాల్కం పౌడరు వేసి అందులో పెట్టు.

మధ్యాహ్న భోజనం చేసి వచ్చే పిల్లలు కదా, చేతులు సబ్బుతో కడిగించాకే గుడ్డ ముట్టుకోనివ్వు. సాంబారు పసుపు అంటుకుంటే సబ్బు తగిలి ఎర్రబడుతుంది, కంగారు పడకు, తడిపి ఎండలో ఆరేస్తే రెండు రోజులకి వెలిసిపోతుంది. బాల్ పెన్నుతో బొమ్మ గీస్తే మాత్రం అది ఎండకీ పోదు, సబ్బుకీ పోదు. పెన్సిలో, టైలరు సుద్దో ఇవ్వు.

బొమ్మ విషయంలో ఒక్కటే నిబంధన పెట్టు: బొటనవేలి గోరు కంటే చిన్న భాగం ఏదీ ఉండకూడదు. జీడిమామిడి పండూ, కింద వేలాడే గింజా బాగా కుదురుతాయి, రెండు వంపులతో అయిపోతుంది. మన జిల్లాలో తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలైతే కాళ్లు పొడుగు కాబట్టి, తాడులా గీతగా సాగే కాడ కుట్టు నేర్పడానికి అనువు. వంకీలున్న అక్షరాలు వద్దు, పేరు పూర్తిగా కుట్టాలంటే మూడు శనివారాలు దానికే పోతాయి.

మగపిల్లలు "ఇది ఆడోళ్ల పని కదేటి" అంటారు. వాదించకు. సంతలో మిషను ముందు కూర్చున్న టైలర్ ఎవరు, ఒడ్డున వల అల్లేదెవరు అని అడుగు. పొందూరు ఖాదీ ముక్క ఒకటి పట్టుకెళ్లు, కుట్టడానికి కాదు, చూపించడానికి. కిటికీ వెలుగుకి పెట్టి మిల్లు గుడ్డతో పోల్చమంటే, చేత్తో వడికిన నూలు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా కనిపిస్తుంది. దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చెప్పు. దాని పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండి చెత్తని ఆపేస్తాయి, పీచు తిన్నగా వస్తుంది. చేపకీ గుడ్డకీ సంబంధమేమిటని ఆ పూటంతా అడుగుతూనే ఉంటారు.

ఐదో వారం అడుగుకి పాత చీర, మధ్యలో రెండు పొరల పాత పంచె, పైన నువ్వు జోడించిన ముక్కలు. అడుగు గుడ్డ నాలుగు పక్కలా 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి, 46కి 70 అన్నమాట. చీర వెడల్పు అంతే ఉంటుంది, అతుకు పడదు. వరండాలో పరిచి, మధ్యనుంచి అంచులకి, జానెడుకో టాకా వెయ్యండి. అంచు దగ్గర మొదలుపెడితే ముడతలన్నీ నడుమకొచ్చి కూర్చుంటాయి. చుట్టూ పన్నెండు మంది కంటే ఎక్కువ పట్టరు. మిగిలినవాళ్ల చేత పొట్లీల కోసం, అంటే మూతి బిగించే చిన్న గుడ్డ సంచుల కోసం, అంచు కుట్లు వేయించు, వంతులు మార్చు. చివర్లో ముక్కల అతుకుల వెంబడి కుట్టిస్తే చాలు, ఇంకా దగ్గరగా కుట్టించాలని చూడకు, నాలుగు పొరల్లోంచి సూది లాగలేక పిల్లల వేళ్లు కందిపోతాయి. ఇద్దరికొకటి చొప్పున అంగుస్తానాలు, అదే సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగులు, కొను.

ఖర్చు ఎంతవుతుందో హెచ్‌ఎం గారికి ముందే కాగితం మీద రాసి ఇవ్వు. చిన్న కత్తెరలు ఐదు నా దగ్గరే ఉన్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ అప్ప